మన దళం జెండా: తక్కువ ఖర్చులో ఎలాగంటే

అన్నలకు, అక్కలకు నమస్తే. జనవరి 26 కవాతులో మన వరద సహాయ దళానికి సొంత జెండా ఉండాలని అందరం అనుకున్నదే. మొత్తం ఎంబ్రాయిడరీతో అడిగితే షాపువాళ్లు చెప్పిన ధరకు కళ్లు తిరిగాయి. మన నిధికి అది కుదరదు.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీకి కుట్ల లెక్కన డబ్బు తీసుకుంటారు. బొమ్మ ఎంత నిండుగా ఉంటే అంత బిల్లు. అందుకే దళం పేరు మాత్రమే ఎంబ్రాయిడరీ చేయిద్దాం. మన కర్నూలు కొండారెడ్డి బురుజు బొమ్మను తెల్ల శాటిన్‌లో కత్తిరించి, వెనక బక్రం (బిగువు కోసం వేసే గట్టి గుడ్డ) పెట్టి, ముదురు నీలం శాటిన్ మీద జిగ్‌జాగ్ కుట్టుతో అతికిస్తే చాలు. వన్‌టౌన్‌లో జాకెట్లకు మగ్గం వర్క్ చేసే అక్క బురుజు చుట్టూ సన్న జరీ వేస్తానంది. బంగారు కుచ్చుల అంచు మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు. సైజు 4 అడుగులు, 3 అడుగులు.

ఒకే పొరైతే వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. రెండు వైపులా విడిగా కుట్టించి మధ్యలో లైనింగ్ వేయించాలి. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. కర్ర దూర్చే మడత, కర్ర కొన్నాకే కుట్టిద్దాం.

డిజైన్‌లో సింహాల చిహ్నం, రెడ్‌క్రాస్ గుర్తు వద్దు, అనుమతి లేకుండా వాడితే చట్టం ఒప్పుకోదు. కవాతులో జాతీయ జెండా మన జెండాకు కుడివైపు నడవాలి. మనది దానికంటే ఎత్తుగా ఉండకూడదు.

నమూనా ఫొటో పెడుతున్నా. పేరులో అక్షరదోషాలుంటే ఆదివారంలోపు చెప్పండి, కుట్టాక విప్పడం కష్టం. చందా ఇవ్వలేనివాళ్లు టెన్షన్ పడొద్దు, కర్ర మోయడానికి రండి.