రైలొచ్చే ముందు ఒక పాట

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన రైల్వే స్టేషన్లకు కొత్త హంగులు వస్తున్న సంగతి మీ పత్రికలో చదువుతూనే ఉన్నాను. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద దేశంలో 508 స్టేషన్ల పనులకు ఒకేసారి శంకుస్థాపన చేస్తే, వాటిలో ఆంధ్రప్రదేశ్‌వి 18, తెలంగాణవి 21. లిఫ్టులు, ఎస్కలేటర్లు, కొత్త ముఖద్వారాలు, పార్కింగు స్థలాలు అన్నీ కావలసినవే. వాటి పక్కన చేర్చదగిన ఒక చిన్న పని గురించి ఈ ఉత్తరం: బండి కదిలే ముందు ప్లాట్‌ఫాం మీద ఆ ఊరి గాయకుల పాట వరస వినిపించడం. దానికి గోడలు పడగొట్టనక్కర్లేదు, స్పీకర్లు ఎలాగూ ఉన్నాయి.

నాది రేపల్లె. ఉద్యోగం కోసం జపాన్ వచ్చి, టోక్యోకు పడమరగా కనగావా ప్రాంతంలోని హదానో పట్టణంలో ఉంటున్నాను. వెనక తన్‌జావా కొండలు, చుట్టూ వేరుశనగ చేలు ఉన్న ఊరు. నేను రోజూ రైలెక్కే స్టేషన్ షిబుసావా. శనాదివారాల్లో కొండలెక్కే వాళ్లు వీపున సంచులతో అక్కడే దిగి బస్సు పట్టుకుంటారు. ఆ ప్లాట్‌ఫాం మీద రైలు వచ్చే ముందు గంట మోగదు. ఒక పాట వరస వినిపిస్తుంది. ఒక వైపు లైనుకు ఒక పాట, ఎదురు లైనుకు ఇంకో పాట. 2014 నుంచి ఇదే పద్ధతి. ఆ రెండు పాటలూ ఈ ఊరి అమ్మాయివి.

ఆమె పేరు సకాయ్ ఇజుమి. 1967లో పుట్టి, హదానోలో పెరిగి, మొదట ఒక స్థిరాస్తి సంస్థలో మామూలు ఆఫీసు ఉద్యోగం చేసింది. 1991 ఫిబ్రవరిలో జార్డ్ అనే పేరుతో పాటల్లోకి వచ్చింది. పేరుకు బృందమే గాని జనానికి జార్డ్ అంటే ఆమే. 1993 జనవరిలో వచ్చిన ‘మకెనాయిదె’ పదహారు లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది. ఆ మాటకు అర్థం ‘ఓడిపోకు’. అదే ఏడాది మే నెలలో ‘యురెరు ఒమొయి’, అంటే ఊగిసలాడే మనసు. అదే పేరుతో జులైలో వచ్చిన ఆల్బం ఆ ఏడు జపాన్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది. షిబుసావాలో వినిపించేవి ఈ రెండే. రెంటికీ బాణీ కట్టింది ఓదా తెత్సురో. మాటలు మాత్రం ఇజుమి సొంతం. తను పాడిన పాటలు తానే రాసుకునేది.

నన్ను ఆపేసింది ఈ సంగతే. స్టేషన్లో మాటలు వినిపించవు. వట్టి వరసే. అంటే ఈ ఊరి అమ్మాయి చేతిరాత, గొంతు, రెండూ అందులో లేవు. అయినా నా పక్కన నిలబడ్డ నడివయసు మనిషి పెదవులు కదులుతుంటాయి. లేని మాటలు ఆయన లోపల పూర్తి చేసుకుంటున్నాడు. ఎంత దూరం ఉన్నా మనసు దగ్గరే, చివరిదాకా పరుగు ఆపకు అని చెప్పే పాట ‘మకెనాయిదె’. పొద్దున ఆరున్నరకు, గంటకు పైగా ప్రయాణం చేసి టోక్యోలోని షింజుకులో దిగి పనిలో పడాల్సిన మనిషికి ఆ మాట ఎంత అవసరమో నాకు తెలుసు. భాష రాని మొదటి ఏడాది నాకూ అది అవసరమైంది.

ఆమె పాటల్లో ఏది గొప్పది అని ఇక్కడ ఎవరిని అడిగినా ముందు ‘మకెనాయిదె’ అనే అంటారు. ప్రతి ఆగస్టులో నిప్పాన్ టీవీ వాళ్లు ఇరవై నాలుగు గంటల విరాళాల కార్యక్రమం చేస్తారు. అందులో పేరున్న వాళ్లు రాత్రంతా పరుగెత్తి అలసిపోయి చివరి మలుపు తిరిగే వేళకు అందరూ కలిసి అందుకునేది ఆ పాటే. కుర్రవాళ్లకు మాత్రం 1996 నాటి ‘మై ఫ్రెండ్’ ముందు గుర్తొస్తుంది, ‘స్లామ్ డంక్’ కార్టూన్ చివర వచ్చేది కనుక. మా ఆఫీసులో తెలుగు పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లకు ఇజుమి పేరు తెలియదు. కానీ ‘డ్రాగన్ బాల్ జీటీ’ మొదట్లో వచ్చే పాట మొత్తం నోటికొచ్చు. పాడింది వేరే బృందం, రాసింది మాత్రం ఈమే అని చెబితే ఆశ్చర్యపోయారు. నన్నడిగితే ‘యురెరు ఒమొయి’కే నా ఓటు. ‘మకెనాయిదె’ భుజం తట్టి పంపుతుంది, ఇది పక్కన కూర్చుంటుంది. వేసవి శీతల పానీయం ప్రకటనకు వాడిన పాటే అయినా, విన్నకొద్దీ అందులో దిగులు తెలుస్తుంది.

పేరు వచ్చాక ఆమె టీవీల్లో కనిపించడం దాదాపు మానేసింది. 1999లో ఆమె పాటల సంకలనం ముప్పై లక్షలు దాటి అమ్ముడైనా, ఊరూరా తిరిగి కచేరీలు చేసింది 2004లో ఒక్కసారే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ, ఆస్పత్రిలో జారిపడి, 2007 మే 27న కన్నుమూసింది. నలభై ఏళ్లు. నెల తర్వాత టోక్యోలో జరిగిన సంతాప కార్యక్రమానికి నలభై వేల మంది వచ్చారు. వాళ్లలో చాలామంది ఆమెను ఒక్కసారైనా ఎదురుగా చూడని వాళ్లే అయ్యుండాలి.

అలాంటి మనిషికి ఊరు చేసిన మర్యాద రోజూ చెవిన పడేలా ఉంది. విగ్రహానికి ఏడాదికోసారి దండ వేస్తాం. పాట రోజుకు ఎన్ని రైళ్లుంటే అన్నిసార్లు పలుకుతుంది. ఈ ప్రాంతంలోనే చిగసాకి స్టేషన్లోనూ ఆ ఊరివాడైన గాయకుడు కువాతా కెయిసుకె బృందం పాట వినిపిస్తుంది. అలాగని జపాన్‌లో ఇది శాశ్వతమనీ చెప్పలేను. టోక్యో చుట్టుపక్కల కొన్ని లైన్లలో గార్డు లేకుండా డ్రైవరు ఒక్కరే బండి నడిపే పద్ధతి వచ్చాక, రైలు కదిలేముందు వేసే ప్లాట్‌ఫాం పాటలు ఆగిపోతున్నాయి. ఆగిపోతున్నాయని తెలిసి జనం ఫోన్లు పట్టుకుని రికార్డు చేసుకోవడానికి వెళ్తున్నారు. ఇన్నేళ్లుగా పరాకుగా విన్న వరస కోసం!

ఇక మన సంగతి. పి. సుశీల గారు పుట్టింది విజయనగరంలో. ఘంటసాల గారి చౌటపల్లి గుడివాడ పక్కనే. బాలసుబ్రహ్మణ్యం గారిది నెల్లూరు. మా రేపల్లె దగ్గరి పల్లపట్లలో 1938లో ఎస్. జానకి గారు పుట్టారు. విజయనగరం, గుడివాడ, నెల్లూరు, రేపల్లె, ఈ నాలుగు చోట్లా రైలాగుతుంది. ఎక్కడా నేను ఆ పాటలు వినలేదు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు రేపల్లెలో డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి నిలబడి, షిబుసావా అలవాటు కొద్దీ చెవులు రిక్కించాను. ‘దయచేసి వినండి’ తప్ప ఇంకేమీ లేదు. బండి అక్కడే బయల్దేరుతుంది, దాటిపోయే రైళ్లు లేవు, హడావుడి లేదు. బండి కదిలే ముందు నాలుగు స్వరాలు వేయడానికి అంతకన్నా అనువైన స్టేషన్ దొరుకుతుందా?

స్టేషన్లో ఉన్న గోల చాలదా అని కొందరు అనొచ్చు. నేను అడుగుతున్నది పాట మొత్తం కాదు, మైకు పెట్టి ఊరంతా వినిపించడమూ కాదు. కొన్ని సెకన్ల వాద్యం, ప్లాట్‌ఫాం దాటని శబ్దం. పైగా చదువు రానివాళ్లకు, చూపు లేనివాళ్లకు బండి కదలబోతోందని తెలిపే గుర్తు కూడా అవుతుంది. హక్కుల విషయం ముందే తేల్చుకోవాలి. 2012 చట్ట సవరణతో కవులకు, సంగీత దర్శకులకు వాటా దక్కాలన్న నియమం వచ్చింది, అది వాళ్లకు చేరాల్సిందే. సినిమా పాటలు సర్కారు స్టేషన్లో ఏమిటన్న అభ్యంతరం మాత్రం నాకు అర్థం కాదు. మన జనం గుండెల్లో పెట్టుకున్న పాటలు ఎక్కువ భాగం సినిమాలవే.

రేపల్లెకు నా వంతు సూచన ఒకటుంది. ‘నీ లీల పాడెద దేవా’లో జానకి గారి గొంతుతో పోటీపడే కారుకురిచి అరుణాచలం గారి నాదస్వరం ముక్క. గొంతు వేయనక్కర్లేదు, నాదస్వరం రెండు గమకాలు పలికితే జానకి గారి స్వరం వినేవాళ్లే జతచేసుకుంటారు. మా అమ్మకు ఫోన్లో ఈ మాట చెబితే ఒప్పుకోలేదు, ఆవిడ లెక్కలో వేరే పాట ఉంది. పక్కింటి మామయ్యగారిది ఇంకొకటి. ఏ పాట అన్నది రేపల్లె వాళ్లే తేల్చుకోవాలి, విజయనగరం సంగతి విజయనగరం వాళ్లు. రైల్వే వారు పెట్టే ప్రయాణికుల సమావేశాల్లో ఈ విషయం కదిలించమని మా ఊరి పెద్దలను కోరుతున్నాను. ఆలోగా మీ జిల్లా పేజీల్లో ‘మీ స్టేషన్లో ఏ పాట ఉండాలి’ అని ఒక్కసారి పాఠకులను అడిగి చూడగలరా? వచ్చిన జవాబులను డివిజన్ అధికారులకు పంపే పని నేను పెట్టుకుంటాను.

భవదీయుడు,
ఒక రేపల్లె పాఠకుడు,
హదానో, జపాన్