నూటికి తొంభై ఐదు: దేనిలో తొంభై ఐదు?

సంపాదకునికి,

అకౌంటింగ్ డిగ్రీల ప్రకటనల్లో ‘95 శాతం ఉద్యోగాలు’ అని కనిపించగానే అడగాల్సింది, ఎంతమందిలో 95 అని. ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకున్నవారినే లెక్కిస్తే 200 మంది బ్యాచ్‌లో 40 మందికి 38 ఉద్యోగాలు వచ్చినా 95 శాతమే! గత మూడేళ్ల జాబితా, ఉద్యోగ హోదాలతో సహా అడగాలి. ఆడిట్, ట్యాక్స్, కాస్టింగ్ కొలువులు వేరు, బిల్లుల డేటా ఎంట్రీ వేరు. జీతంలో సగటు కాదు, మధ్యస్థం (జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడిమిది) చూడాలి. ఒక్క పెద్ద ప్యాకేజీ సగటును పైకి లాగేస్తుంది.

సిలబస్ పాతదో కాదో తేల్చడానికి లీజుల పాఠం చాలు. లీజుల లెక్కలకు అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ‘ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16’, 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్వల్పకాలిక, తక్కువ విలువ లీజులు మినహా మిగతావన్నీ అద్దెదారు బ్యాలెన్స్ షీట్‌లోకి (ఆస్తి అప్పుల పట్టికలోకి) ఎక్కాలి. ఇంకా ఆపరేటింగ్ లీజు అద్దెను ఖర్చు రాసి వదిలేయమంటుంటే ఆ పుస్తకాలు మారలేదన్నమాట.

వృత్తి పరీక్షల మినహాయింపులే అసలు చిక్కు. బ్రిటన్‌కు చెందిన అకౌంటెంట్ల వృత్తి సంస్థ ఏసీసీఏ పరీక్షల్లో 13 పేపర్లుంటే, చదివిన డిగ్రీని బట్టి గరిష్ఠంగా 9 మినహాయించవచ్చు. అన్ని డిగ్రీలకూ తొమ్మిదీ రావు. కళాశాల కరపత్రం నమ్మకుండా, మీ కోర్సు పేరు, ఉత్తీర్ణత సంవత్సరం పెట్టి ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. ఆ సంస్థ కోర్సుకు ఇచ్చిన గుర్తింపు గడువు తీరితే, మధ్యలో చేరినవారికి మినహాయింపు తగ్గవచ్చు.

ఇంటర్న్‌షిప్ క్రెడిట్లతో కూడి, ఆడిట్ పని ముమ్మరంగా సాగే నెలల్లో ఉంటే మేలు. వేసవిలో రెండు వారాలు ఫైళ్లు సర్దించి ఇచ్చే సర్టిఫికెట్‌ను ఇంటర్వ్యూలో ఎవరూ లెక్కచేయరు.

– ఒక అకౌంటింగ్ అధ్యాపకుడు