తనిఖీ రోజు సరే, మిగతా రోజుల సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ప్రభుత్వ ప్రసూతి వార్డులో 28 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఫలానా ఆసుపత్రికి నాణ్యత సర్టిఫికెట్ వచ్చిందని పేపర్లో చదివినప్పుడల్లా సంతోషమే కానీ, ఆ వెంటనే తనిఖీకి ముందు రాత్రి మా వార్డు గుర్తొస్తుంది. బీరువాలో మూలిగే కర్టెన్లు కిటికీలకెక్కేవి. సింకు దగ్గర కొత్త సబ్బు ప్రత్యక్షం. మేం టీ తాగుతూ పార్టోగ్రాఫులు నింపేవాళ్లం. నొప్పులు పడుతున్న తల్లి పరిస్థితినీ, బిడ్డ గుండె చప్పుడునూ ఎప్పటికప్పుడు గుర్తించాల్సిన చార్టు అది. తల్లి ఇంటికెళ్లిపోయాక గీస్తే ఎవరికి లాభం? గీసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రసూతి గదుల్లో నాణ్యత పెంచడానికి 2017 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం ఉద్దేశం మంచిదే. లేబర్ రూమ్‌కి 70 శాతం మార్కులొస్తే సర్టిఫికెట్. కానీ మార్కులొచ్చినంత మాత్రాన బిడ్డలు బతుకుతున్నారా అన్నది వేరే లెక్క. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే 2015-18 మధ్య పలు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులతో ‘సేఫ్ కేర్ సేవింగ్ లైవ్స్’ కార్యక్రమం నడిచింది. ఆసుపత్రుల బృందాలు ఒకచోట కలిసి అనుభవాలు చెప్పుకుంటూ పనితీరు మెరుగుపరచుకోవడం అందులో పద్ధతి. పరిశోధకులు బేరీజు వేస్తే నవజాత శిశు మరణాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. ఈ ఫలితం గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇంగ్లండులో ఐసీయూ ఇన్‌ఫెక్షన్లు తగ్గించే ఇలాంటి కార్యక్రమమే 2009-11లో జరిగింది. అక్కడ పరిశోధకులు ఐసీయూల్లోనే గంటల తరబడి ఉండి పని జరిగే తీరు చూశారు. ఇన్‌ఫెక్షన్‌ని ఒక్కో చోట ఒక్కోలా లెక్కిస్తున్నారని అప్పుడే బయటపడింది. ఫైలు చూసి పోయేవాళ్లకి అది ఎన్నటికీ కనిపించదు.

మా వార్డుకీ ఒకసారి ఒక పీజీ అమ్మాయి థీసిస్ పని మీద వచ్చి మూడు వారాలుంది, నైట్ డ్యూటీల్లో కూడా. మొదట్లో పైవాళ్లు పంపిన మనిషనుకుని మేమెవరం నోరు విప్పలేదు. నాలుగో రోజు మా ఆయా ఆ పిల్లకి అసలు సంగతి చెప్పేసింది: చేతులు శుభ్రం చేసుకునే లిక్విడ్ సీసాలన్నీ నా బీరువాలో తాళం కింద ఉన్నాయి. సీసా పోతే ఇన్‌ఛార్జి సిస్టర్ జవాబు చెప్పాలి మరి! ఆ అమ్మాయి, మేము, సూపరింటెండెంట్ గారు కూర్చుని మాట్లాడుకున్నాం. లెక్క నా నెత్తిన లేకుండా చేశారు. పుట్టిన బిడ్డని వెచ్చగా ఉంచే ప్రతి వార్మర్‌కీ ఒక సీసా కట్టేశాం. ఇన్నాళ్ల తనిఖీల్లో ఒక్కరూ అడగని ప్రశ్న అది.

అందుకే ఆరోగ్యశాఖ వారికి నా విన్నపం. కొన్ని జిల్లా ఆసుపత్రుల్లోనైనా ఆరు నెలలు వార్డులో ఉండి చూసే పరిశోధకుల్ని పెట్టండి. ఏం చూడాలో, ఏం మార్చాలో నిర్ణయించేటప్పుడు నర్సుల్ని, ఆయాల్ని, బాలింతల్ని కూర్చోబెట్టుకోండి. ఫలితం బాగోకపోయినా బయటపెట్టండి. ఒక్కటి మాత్రం ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి: ఆ పరిశోధకులకి చెప్పిన మాట మీద ఎవరికీ మెమో రాదని. మెమో భయం ఉండి ఉంటే మా ఆయా కూడా నాలుగో రోజు నోరు విప్పేది కాదు.

– ఒక రిటైర్డ్ హెడ్ నర్సు, గుంటూరు జిల్లా