తవ్వే ముందు సముద్రం అడుగు చూడండి

సంపాదకుడు గారికి,

ఓడలరేవు తీరంలో వేటే మా కుటుంబానికి ఆధారం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో లోతు నీళ్ల నుంచి గ్యాస్ 2009 నుంచి వస్తోంది. 2024 జనవరిలో ఇంకో క్షేత్రంలో చమురు మొదలైంది. దేశానికి ఇంధనం కావాలి, కాదనను. కానీ బావి వేసే చోట అడుగున ఏముందో ముందే చూస్తున్నారా?

అక్కడ ఉన్నది ఉత్త బురద కాదు. 2006లో ఈ బేసిన్‌లోనే మందమైన గ్యాస్ హైడ్రేట్ (మీథేన్ గ్యాస్, నీళ్లు కలిసి మంచులా గడ్డకట్టినది) పొరలు దొరికాయి. తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు మీథేన్ ఊరే చోట్లను కనిపెట్టారు. ఎండ పొడ తగలని ఆ చీకట్లో, గ్యాస్‌నే తిండిగా చేసుకునే బ్యాక్టీరియాను నమ్ముకుని ఆల్చిప్పలు, పురుగులు బతుకుతున్నాయి. ఎంత అద్భుతం! డ్రిల్లింగ్ మట్టి వాటి మీద పేరుకుంటే కప్పబడిపోతాయి, మళ్లీ ఎప్పటికి కోలుకుంటాయో.

అందుకే శబ్ద తరంగాలతో లోతు కొలిచే సోనార్‌తో అడుగు మ్యాపు గీయాలి, కెమెరా రోబోలను దింపాలి, బురద నమూనాలు తీయాలి. ఒక్కసారి చేస్తే చాలదు. వరదల్లో గోదావరి మోసుకొచ్చే ఒండ్రుతో అడుగు మారుతుంది కాబట్టి వేసవిలో ఒకసారి, వరద తగ్గాక ఒకసారి చూడాలి.

2020 జనవరిలో అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో పూర్తి ప్రభావ అధ్యయనం అక్కర్లేని బీ2 కేటగిరీలోకి మార్చడంతో వాటికి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా పోయింది. మాకు ఇదే పెద్ద టెన్షన్. దాన్ని మళ్లీ పెట్టాలి. సర్వే నివేదికను తెలుగులో అచ్చేసి, తవ్వకానికి ముందే ప్రతి మత్స్యకార సొసైటీకి ఇవ్వాలి.

– ఒక మత్స్యకారుడు, ఓడలరేవు, కోనసీమ