రోబో వచ్చింది సరే, చేతులకి ట్రైనింగ్ ఎప్పుడు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం జిల్లా ఎడిషన్లో రోబో సర్జరీ ప్రారంభం గురించి సగం పేజీ వేశారు కదా, రిబ్బను, శాలువాలు, వరసగా నిలబడ్డ పెద్దమనుషుల ఫోటో. ఆ రోజే రాద్దామనుకున్నా గానీ కోపంలో ఏం రాస్తానో అని ఆగాను, ఐదు రోజులైనా తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. ఇకమీదట మలాశయం క్యాన్సర్ ఆపరేషన్లు విదేశాలకి దీటుగా జరుగుతాయని అందులో ఒక మాట ఉంది. ఆ విదేశాల్లో అసలు ఏం చేసి బాగుపడ్డారో ఎవరూ చెప్పలేదు, మీ విలేకరి కూడా అడగలేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మలాశయాన్నే మేం రెక్టమ్ అంటాం, ఆ ఆపరేషన్లు ఎన్నింటికి పనిముట్లు అందించానో లెక్క లేదు. రెక్టమ్ ఉండేది నడుం ఎముకల మధ్య ఇరుకులో, బాగా లోతుగా. దాని చుట్టూ కొవ్వు, ఆ కొవ్వుకి పల్చటి తొడుగు ఉంటుంది. గడ్డ నుంచి జారిన క్యాన్సర్ కణాలు ఆ కొవ్వులోనే దాక్కుంటాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో సర్జన్లు లోపలికి చెయ్యి పెట్టి వేళ్ళతో తడిమి విడదీసి లాగేవాళ్ళు, కంటికి ఏమీ కనపడేది కాదు, వాళ్ళకి నేర్పింది కూడా అదే. కొవ్వు చిరిగి కొంత ట్రేలోకి వచ్చేది, కొంత లోపలే ఉండిపోయేది. కోసి తీసిన భాగాన్ని పరీక్షకి పంపడానికి ఫార్మలిన్ మందున్న డబ్బాలో వేసి లేబుల్ రాసేది నేనే, ఆ చిరుగులు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అప్పుడు నాకు వాటి అర్థం తెలీదు. ఏడాదికో రెండేళ్ళకో అదే మనిషి అదే చోట గడ్డతో మళ్ళీ వచ్చేవాడు, పాపం వాడి ఖర్మ అనుకునేవాళ్ళం అందరం.

ఖర్మ కాదని 1982లోనే ఒకాయన రాశాడు. ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్ళో బిల్ హీల్డ్ అనే సర్జన్. పెద్ద యూనివర్సిటీ హాస్పిటల్ కూడా కాదు, మన జిల్లా ఆసుపత్రి లాంటిదే. చెయ్యి పెట్టి లాగొద్దు, కళ్ళతో చూస్తూ ఆ తొడుగు వెంబడే కోసుకుంటూ వెళ్ళి, కొవ్వు చిరక్కుండా మొత్తం ఒకే ముద్దగా తీయండి, తిరగబెట్టడం తగ్గుతుంది అన్నాడు. దాన్నే టోటల్ మీసోరెక్టల్ ఎక్సిషన్, పొట్టిగా టీఎంఈ అంటారు. పక్కనే ఉన్న నరాలు కూడా దెబ్బతినకుండా మిగులుతాయి, ఆ నరాలు పోతే ఒంటేలు పోయడానికి కూడా ఎంత అవస్థో వార్డులో చేసినవాళ్ళకి తెలుసు. పెద్ద పెద్దవాళ్ళు చాలామంది మొదట ఆయన మాట నమ్మలేదు.

స్వీడన్ వాళ్ళు నమ్మారు. 1994 నుంచి స్టాక్‌హోమ్‌లో వర్క్‌షాపులు పెట్టి హీల్డ్ టీమ్‌ని పిలిపించి, అక్కడి సర్జన్ల ముందే ఆపరేషన్లు చేయించి నేర్పించారు. కణజాలం చూసే పాథాలజీ డాక్టర్లకి కూడా నేర్పారు. తర్వాత లెక్క తీశారు, 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. రెండేళ్ళలోపు అదే చోట తిరగబెట్టడం అంతకుముందు 14, 15 శాతం ఉండేది, ట్రైనింగ్ తర్వాత 6 శాతం. మలద్వారం పూర్తిగా తీసేసి జీవితాంతం పొట్టకి సంచి పెట్టాల్సి రావడం అంతకుముందు 55 నుంచి 60 శాతం, తర్వాత 27 శాతం. క్యాన్సర్‌తో చనిపోవడం కూడా 15, 16 నుంచి 9కి వచ్చింది. కొత్త మందు కనిపెట్టలేదు, రోబో వాడలేదు, చేతులకి సరిగ్గా నేర్పారు అంతే!

నార్వే 1993లోనే దేశం మొత్తానికీ ఈ ఆపరేషన్ల ఫలితాలు నమోదు చేసే రిజిస్ట్రీ పెట్టింది, ప్రతి హాస్పిటల్‌కీ దాని ఫలితాలు, దేశం సగటు పక్కపక్కన పెట్టి పంపిస్తారు, వెనకబడ్డవాళ్ళు చూసుకుని సరిదిద్దుకోవాలి. నెదర్లాండ్స్‌లో 1996లో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్‌లో (రోగుల మీద చేసి చూసే పరిశోధన) ప్రతి సర్జన్ మొదటి 5 ఆపరేషన్లూ నేర్పే సర్జన్ పక్కన నిలబడి ఉంటేనే చేయాలని రూలు. మన దగ్గర ఇలాంటి రూలు నా 31 ఏళ్ళలో నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. మా బావగారు, రైస్ మిల్లులో గుమస్తా. విరేచనంలో రక్తం పడుతుంటే ఎనిమిది నెలలు మొలలని మందులిచ్చారు, ఆయన సిగ్గుపడి నాకు కూడా చెప్పలేదు, ఒక్కరైనా వేలు పెట్టి చూసుంటే గడ్డ తగిలేది. ఆఖరికి ఒక ప్రైవేటు హాస్పిటల్లో (పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు) ఆపరేషన్ చేశారు. ముందు ఎంఆర్ఐ తీయలేదు, గడ్డ ఆ తొడుగుకి ఎంత దగ్గర్లో ఉందో చెప్పేది అదే. ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టు చూశాను, చుట్టూ అంచులో క్యాన్సర్ ఉందా లేదా, కొవ్వు ముద్ద మొత్తంగా వచ్చిందా చిరిగిందా ఒక్క ముక్క లేదు. అంచు చూడటం ఎంత ముఖ్యమో లీడ్స్ నగరంలో క్వర్క్ అనే పాథాలజీ డాక్టరు 1986లోనే చూపించాడు. సంచి పెట్టారు. 14 నెలలకి అదే చోట మళ్ళీ వచ్చింది. చివరి మూడు నెలలు ఆయన కూర్చోలేకపోయేవాడు, మంచం పట్టె పట్టుకుని మోకాళ్ళ మీద నిలబడి అన్నం తినేవాడు, మా అక్క కలిపి పెట్టేది. ఆ సర్జన్ని నేను తిట్టను, చిన్నవాడు, మర్యాదగా మాట్లాడాడు, ఇలాంటివి ఎన్ని చేశారు బాబూ అంటే తడబడ్డాడు. ఆయనకి పక్కన నిలబడి నేర్పినవాళ్ళు లేరు.

నేర్పేవాళ్ళు మనకి లేకపోతే అది వేరే మాట. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, దాని ఆధ్వర్యంలో మన విశాఖ అగనంపూడిలోనే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. 2012 నుంచి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అని హాస్పిటళ్ళని కలిపే ఏర్పాటు కూడా ఉంది. జిల్లాల నుంచి సర్జన్లని వంతులవారీగా పంపి కొన్ని వారాలు అక్కడ చేయించొచ్చు, లేకపోతే వాళ్ళనే ఇక్కడికి రప్పించొచ్చు. ఇక్కడేమో డాక్టర్లు కొత్త విషయాలు నేర్చుకోవడానికి ఐదేళ్ళకి 30 క్రెడిట్ అవర్స్ అంటారు, హోటల్లో మీటింగ్ పెడతారు, సంతకం చేసి భోంచేసి వెళ్ళినవాళ్ళని నేను కళ్ళారా చూశాను. కాస్త చెయ్యి తిరిగే వేళకి బదిలీ, ఆ పోస్టు ఖాళీ, ఎంఆర్ఐ మిషన్ ఉంటే టెక్నీషియన్ ఉండడు, ఎవరిని అడిగినా ఫైలు పైన ఉందంటారు. మా రోజుల్లో ప్రొఫెసర్లు పీజీల చెయ్యి పట్టుకుని ముడి వేయించేవాళ్ళు, ఆ ఓపిక కూడా ఇప్పుడు తక్కువైంది.

లెక్కలు లేవని మాత్రం చెప్పొద్దు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, పేరు మార్చుకుంటూ రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ప్రతి ఆపరేషన్‌కీ కార్డు నెంబరు, స్కాన్లు, ఆఖరికి కుట్ల ఫోటో కూడా అప్‌లోడ్ చేయాలి, లేదంటే బిల్లు రాదు, నేనే ఎన్నో తీయించాను. డబ్బులిచ్చేది ప్రభుత్వమే కాబట్టి అడిగే హక్కు ఉంది. రెక్టమ్ ఆపరేషన్‌కి ముందు ఎంఆర్ఐ, తర్వాత అంచు రాసిన పాథాలజీ రిపోర్టు, చేసిన సర్జన్‌కి ట్రైనింగ్ ఎక్కడైందో, ఈ మూడూ లేకుండా బిల్లు ఇవ్వొద్దు. రెండేళ్ళ తర్వాత ఎంతమందికి తిరగబెట్టిందో హాస్పిటల్ వారీగా చూడండి.

రోబో వద్దని నేను అనట్లేదు. పది దేశాల్లో 471 మందితో చేసి 2017లో వేసిన ట్రయల్‌లో చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే లాప్రోస్కోపీ కంటే రోబోకి స్పష్టమైన తేడా కనపడలేదు, తర్వాత చైనాలో చేసిన పెద్ద ట్రయల్‌లో కొంత మేలు కనపడింది, అది కూడా బాగా అనుభవమున్న సర్జన్ల చేతుల్లో. మిషన్ ఏదైనా ఆ తొడుగు ఎక్కడుందో చూసి కోయాల్సింది మనిషే.

మీ విలేకరిని ఇంకోసారి పంపండి దయచేసి. పోయిన ఏడాది ఈ జిల్లాలో రెక్టమ్ క్యాన్సర్ ఆపరేషన్లు ఎన్ని చేశారు, ఎంతమందికి శాశ్వతంగా సంచి పెట్టారు, అంతకుముందు చేసినవాళ్ళలో ఎంతమందికి తిరగబెట్టింది, ఈ మూడు అంకెలు అడగమనండి. సగం పేజీ అక్కర్లేదు, మూడు లైన్లు చాలు. ఎవరూ చెప్పకపోతే, అడిగాం చెప్పలేదు అనైనా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ సిస్టర్,
తూర్పు గోదావరి జిల్లా