వెండి పాత్రను తిరగేసి కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ ప్రభువుల భవనాల్లోని పాత వెండి సామాను మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. కాకపోతే ఏ గిన్నె ఏ దొర ఇంట్లో ఉండేదో, వేలంలో ఎంత పలికిందో రాశారే గానీ, దాన్ని చేసిన మనిషి పేరు ఒక్కచోటా లేదు. మన ఇళ్లలో ముత్తాతల నాటి వెండి చెంబు ఏ కంసాలి చేశాడంటే చాలామందిమి చెప్పలేం. ఇంగ్లండ్ వెండికి ఆ ఇబ్బంది తక్కువ, చేసినవాళ్ల ముద్ర సాధారణంగా వస్తువు మీదే ఉంటుంది.

వెండి పని చేసిన హెస్టర్ బేట్‌మన్ అనే ఆవిడ సంగతే చూడండి. భర్త జాన్ లండన్‌లో గొలుసులు చేసేవాడు, 1760లో పోతూ పనిముట్లు భార్యకే రాసిచ్చాడు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి, చదువు రాదంటారు. అయినా మరుసటి ఏడాదే హెచ్.బి. అన్న తన ముద్రను, లండన్‌లో వెండి బంగారాలను పరీక్షించి ముద్రలు వేసే గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో నమోదు చేయించుకుంది. మొదట్లో చెంచాల లాంటి చిన్న పనులు, అవీ ఎక్కువగా వేరే దుకాణాల కోసం. ఈలోగా షెఫీల్డ్‌లో రాగికి వెండి రేకు అతికించి చవక సామాను తయారుచేసి మార్కెట్‌లోకి వదులుతున్నారు, దానితో పోటీపడాలి కాబట్టి ఆమె వర్క్‌షాప్ యంత్రంతో సాగదీసిన పల్చటి వెండి రేకుతో టీపాట్‌లు చేసింది, బరువు తగ్గింది, ధరా తగ్గింది, మధ్యతరగతి వాళ్లకూ అందింది. అంచు చుట్టూ ఆవగింజల్లాంటి పూసల వరస, ఒంటి మీద ఏటవాలుగా కోసిన సన్నటి నగిషీ. ఆమెకు అంత పేరు రావడం వెనక పాత సామాను వ్యాపారుల ప్రచారం కూడా ఉందనేవాళ్లున్నారు, ఉండొచ్చు, కానీ 1790 దాకా కొడుకులతో కలిసి ఆ వర్క్‌షాప్‌ను నిలబెట్టింది మాత్రం ఆమే. తర్వాత కోడలు ఆన్ కూడా తన ముద్ర వేసుకుంది.

మీ వ్యాసంలో లండన్ వెండి పనివాడు పాల్ డి లామెరీ చేసిన పాత్ర ఫోటో ఉంది, పేరు మాత్రం లేదు! 1720లో వెండి మీద ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను పెడితే, కొందరు పనివాళ్లు ఏదో చిన్న వస్తువుకు పన్ను కట్టి ముద్రలు వేయించి, ఆ ముక్క కోసి పెద్ద పాత్రకు టంకం పెట్టి అతికించేవాళ్లు. పన్ను చిన్నదానికి, అమ్మకం పెద్దదానికి. ఈ బాగోతంలో లామెరీ పేరూ వినబడుతుంది. తమాషా ఏమిటంటే ఇలాంటి మోసాలను అరికట్టే 1738 చట్టం కోసం పనిచేసిన కమిటీలో ఆయనా ఉన్నాడు.

ఇంకో సంగతి. మూడో ఫోటోలోని ట్రేను వెండి అన్నారు. అంచున ఇ.పి.ఎన్.ఎస్. అన్న అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. అంటే రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం మీద వెండి పూత, మనవాళ్లు జర్మన్ సిల్వర్ అనే బాపతే. 1840లో ఎల్కింగ్టన్ వాళ్లు విద్యుత్ పూతకు పేటెంట్ తీసుకున్నాక ఇంగ్లండ్‌లో ఇలాంటివి కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ఇది చిన్న పొరపాటేం కాదు, ఎందుకంటే బ్రిటిష్ వాళ్ల కాలం నాటి వెండి అంటూ అమ్మేవాటిలో ఇవి బోలెడుంటాయి, పేపర్లో చూశామని కొనేవాళ్లు వెండి ధర పోస్తారు. అసలు స్టెర్లింగ్ అయితే, అంటే వెయ్యికి 925 పాళ్ల వెండి ఉంటే, ముందు కాలు ఎత్తి నడుస్తున్న సింహం ఉంటుంది. చిరుతపులి తల ఉంటే లండన్‌లో, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి ముద్ర వేసినట్టు. ఒక అక్షరం ఏడాదిని చెబుతుంది. 1784 నుంచి 1890 దాకా అయితే పన్ను కట్టినట్టు రాజు తలో రాణి తలో కూడా ఉండాలి. లండన్ వెళ్లే మనవాళ్లు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇలాంటి అసలు సరుకును ఉచితంగా చూడొచ్చు.

ఆ ట్రే సంగతి వచ్చే ఆదివారం సవరణగా వేయండి. ఇకముందు ఇలాంటి వస్తువుల ఫోటోలు వేస్తే, ముద్రలున్న వైపు ఫోటో కూడా ఒకటి వేయండి, పేజీలో చోటు లేకపోతే ఆ వేలం ధరల పట్టిక తీసేసినా నష్టం లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, హైదరాబాద్