పటం ‘పేరా కిందే’ ఉండాలన్న నియమం మార్చండి

సంపాదకులకు నమస్కారం.

థీసిస్‌లు ఇచ్చే రోజుల్లో విద్యానగర్, కోఠి వైపు బైండింగ్ షాపులకు వచ్చే కట్టలు తిరగేస్తే సగం ఖాళీ పేజీలు కనిపిస్తాయి. పైన నాలుగు లైన్లు, కింద తెల్ల కాగితం, గ్రాఫేమో మరుసటి పేజీలో. ఇది పిల్లల అశ్రద్ధ కాదు. ‘ప్రస్తావించిన పేరా కిందే పటం ఉండాలి’ అని విశ్వవిద్యాలయ శాఖలు పెట్టిన నియమం తెచ్చిన తంటా. ఆర్ మార్క్‌డౌన్, క్వార్టో, వాటికి పీడీఎఫ్ పేజీలు కూర్చే లేటెక్ అనే సాధనాల్లో థీసిస్ రాసేవాళ్లు ఈ నియమం పాటించడానికి సాధారణంగా పట్టే దారి, లేటెక్‌కు అదనంగా చేర్చుకునే ‘ఫ్లోట్’ ప్యాకేజీలోని పెద్ద ‘హెచ్’ (H), అంటే పటం చోటు చెప్పే అక్షరం. అది పటాన్ని అక్కడే కట్టేస్తుంది. పేజీలో చోటు చాలకపోతే పటం తర్వాతి పేజీకి పోతుంది, దాని వెనకున్న పాఠం ముందుకు జరిగి ఆ ఖాళీ నింపదు.

పోనీ చిన్న ‘హెచ్’ (h) ఇస్తే? లేటెక్ దాన్ని తనంతట తానే ‘హెచ్ టీ’గా, అంటే ‘ఇక్కడ, కుదరకపోతే పేజీ పైన’ అని మార్చుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెలంగాణలోని 33 జిల్లాల పేర్లతో అడ్డ కడ్డీల గ్రాఫ్ గీశారనుకోండి. ఒక్కో పేరుకు 0.2 అంగుళం వేసినా 6.6 అంగుళాలు. కింది అక్షం, శీర్షిక కలిపితే ఏడున్నర. ఏ4 కాగితంపై నలువైపులా అంగుళం మార్జిన్ వదిలితే పాఠం ఎత్తు 9.69 అంగుళాలు. పేజీ పైభాగంలో పటాలకు లేటెక్ ఇచ్చే వాటా, అంటే ‘టాప్‌ఫ్రాక్షన్’, 0.7. అది 6.78 అంగుళాలు. మన గ్రాఫ్ అందులో పట్టదు. పటాలకే కేటాయించిన పేజీకి పంపే ‘పీ’ అక్షరం ఇవ్వలేదు కాబట్టి అక్కడికీ పోలేదు. రాసిన చోట సరిపడా ఖాళీ దొరక్కపోతే అది ఆగిపోతుంది. పటాల వరుస తప్పకూడదు గనుక దాని వెనకున్నవన్నీ ఆగి, అధ్యాయం చివర ఒక్కసారిగా కుప్పపడతాయి. పదో పటం తప్పిపోయిందని వెతికేవాళ్లు చూడాల్సింది పదోదాన్ని కాదు, మొదట ఆగిపోయినదాన్ని.

దీనికి మందు చిన్నదే. ఆర్ మార్క్‌డౌన్‌లో పటం చోటు చెప్పే ‘ఫిగ్ డాట్ పాస్’ (fig.pos) సెట్టింగ్‌కు ‘టీ బీ పీ’ ఇవ్వాలి, అంటే పేజీ పైన, కింద, లేదా పటాల పేజీలో. పెద్ద పటాలు ఎక్కువుంటే టాప్‌ఫ్రాక్షన్‌ను 0.85కు పెంచి, పేజీలో కనీసం ఉండాల్సిన పాఠం వాటా ‘టెక్స్ట్‌ఫ్రాక్షన్’ను 0.2 నుంచి 0.1కి దించాలి. రెండూ కలిపి మార్చాలి, మొదటిదొక్కటే పెంచితే రెండోది అడ్డుపడుతుంది. థీసిస్‌లో ఒక విభాగం పటాలు ఇంకో విభాగంలోకి జారకుండా ‘ప్లేస్‌ఇన్స్’ ప్యాకేజీలో ‘ఫ్లోట్‌బ్యారియర్’ ఉంది.

కొలతల సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ. ‘ఫిగ్ డాట్ విడ్త్’ గీసే వెడల్పు, ‘అవుట్ డాట్ విడ్త్’ కాగితంపై కనిపించే వెడల్పు. 10 అంగుళాలకు గీసి, 6.27 అంగుళాల పాఠం వెడల్పుకు కుదిస్తే 11 పాయింట్ల అక్షరం 6.9కి పడిపోతుంది. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టడానికి 7 అంగుళాలవాటిని 3కు కుదిస్తే మిగిలేది 4.7 పాయింట్లు. వైవాలో పరీక్షకుడు కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకోవాల్సిందే. కనిపించాల్సిన కొలతకే గీయాలి: పక్కపక్కన పెట్టేవి 3 అంగుళాలకు గీసి, రెండింటినీ కలిపి చూపడానికి ‘ఫిగ్ డాట్ షో’కు ‘హోల్డ్’, అవుట్ వెడల్పు 48 శాతం ఇవ్వాలి. సరిగ్గా సగం సగం ఇస్తే మధ్యలోని చిన్న ఖాళీకి చోటుండదు, రెండోది కిందికి దిగుతుంది. లేటెక్‌లో నేరుగా రాసేవాళ్లు రెండు బొమ్మల మధ్య ఖాళీ లైను వదిలినా అంతే, అది కొత్త పేరా అవుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో అడ్డంకి. గ్రాఫులు గీసే ఆర్ భాషలోని మామూలు పీడీఎఫ్ డివైస్‌తో, అంటే గ్రాఫును ఫైలుగా మార్చే భాగంతో గీస్తే ‘భద్రాద్రి కొత్తగూడెం’ అన్న చోట చుక్కలు పడతాయి. డివైస్‌ను ‘రాగ్ పీఎన్‌జీ’కి మార్చి, డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) 300 పెట్టి, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు ఇస్తే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. పాఠానికి మాత్రం జీలేటెక్ ఇంజిన్ వాడాలి. కాగితం ఏ4 అని కూడా రాయాలి. రాయకపోతే అమెరికా లెటర్ కొలత తీసుకుంటుంది, షాపువాళ్లు దాన్ని ఏ4 మీద సరిపెడితే పైన లెక్కేసిన అంగుళాలన్నీ మారిపోతాయి.

వర్డ్ ఫైలుగా తీసేవాళ్లకు పటాలు దూరంగా జారే బెడద లేదు, పటం రాసిన చోటే ఉంటుంది.

నగరంలోని విశ్వవిద్యాలయాలకు విన్నపం. పటం అదే విభాగంలో, ప్రస్తావించిన పేజీలో గానీ తర్వాతి పేజీలో గానీ ఉంటే చాలని నియమంలో రాయండి. ‘కింది పటంలో’, ‘పై పటంలో’ అనే మాటలు వద్దని, ‘పటం 3.2’ అని నంబరుతోనే చెప్పాలని చేర్చండి. ఆ నంబరూ చేత్తో కొట్టకూడదు. క్వార్టోలో పటం పేరు ‘ఫిగ్’, చిన్న గీతతో మొదలుపెట్టి, పాఠంలో ఆ పేరు ముందు ‘ఎట్’ గుర్తు పెడితే, మధ్యలో కొత్త పటం చేరినా నంబర్లన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

— ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్